పేరు ఏ ఠాణాలో ఉంది?

తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికి సాయంత్రం ఆరు దాటింది. పైన నాగోలు వైపు వెళ్లే రైలు చప్పుడు, కింద చౌరస్తాలో హారన్ల మోత. మీరు ఫోన్ చెవికి ఆనించే ఉంచారు. అవతల తమ్ముడి రూమ్మేట్ మాట సగం వినిపిస్తోంది, సగం గాలికి పోతోంది.

"అన్నా, ఆర్ట్స్ కాలేజీ కాడ్నుంచి ర్యాలీ బయల్దేరింది. ఎన్‌సీసీ గేటు దాటనియ్యలే. గుంజుకపోయి డీసీఎంల ఎక్కిచ్చిండ్రు. మనోడు ముందల్నే ఉండె."

"యాడికి తీస్కపోయిండ్రు?"

"గదే తెల్వదన్నా. ఫోన్ స్విచాఫ్ వస్తుంది."

ఇది ఊహించి చెబుతున్న సాయంత్రమే. ఇందులో తమ్ముడికి, రూమ్మేటుకి, మీకు పేర్లు లేవు. కానీ ఉస్మానియాలో చదివినవాళ్లను అడగండి. 1969లో చదివినవాళ్లను, 2009 శీతకాలంలో చదివినవాళ్లను, నిరుడు చదివినవాళ్లను అడిగినా ఇలాంటి సాయంత్రం ఒకటి చెబుతారు. వ్యాన్ కదిలిన క్షణం అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత ఎక్కడ వెతకాలో తెలియక తిరిగిన గంటలు ఇంటివాళ్లకే గుర్తుంటాయి.

రూమ్మేట్ బండి మీద వచ్చాడు. మీరు వెనక కూర్చున్నారు. ఇఫ్లూ ముందునుంచి క్యాంపస్‌లోకి మలుపు తిరగగానే చౌరస్తా మోత తగ్గిపోయింది. చెట్ల కింద లైట్లు వెలుగుతున్నాయి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఓ ఇరవై మంది గుంపుగా కూర్చున్నారు. 1939లో ఏడో నిజాం ప్రారంభించిన ఆ రాతి భవనం ముందు నినాదాలన్నీ మధ్యాహ్నమే అయిపోయాయి. ఇప్పుడక్కడ ఫోన్ల వెలుగులో వంగిన తలలే కనిపిస్తున్నాయి. నడుమ ఒక అమ్మాయి, న్యాయశాస్త్రం చదువుతున్న సీనియర్, నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటోంది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ కోర్సు, ఎన్ని గంటలకు ఎక్కించారు, ఆఖరున చూసిందెవరు.

మీ తమ్ముడి పేరు ఐదో వరుసలో ఉంది.

"కూసోండన్నా," అందామె. "ముందుగాల ఒకటి చెప్పుండ్రి. మీవోని మీద ఇదివరకు కేసులేమన్న ఉన్నయా?"

"లేవు చెల్లె."

"అయితే కేసు కట్టిండ్రా, ఊకనే పట్టుకపోయిండ్రా, అది తేల్చుకోవాలె. రెండిటికి దారులు వేరు."

మీరప్పటికే ఫోన్ తీశారు. ఎవరైనా మొదట చేసేది అదే. తెలంగాణ పోలీస్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ చూసుకునే పేజీ ఉంది. జిల్లా ఎంచుకుని, ఠాణా ఎంచుకుని, సంవత్సరం కొట్టి చూడొచ్చు. అదలా అందరికీ అందుబాటులోకి రావడానికి వెనక ఒక తీర్పుంది. యూత్ బార్ అసోసియేషన్ వేసిన కేసులో 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది: ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్ సరిగా లేని చోట 48 గంటలు, మరీ మారుమూలైతే 72 గంటలు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు. మీరు ఒక ఠాణా కొట్టారు, ఏమీ లేదు. పక్క ఠాణా కొట్టారు, ఈ రోజు తేదీతో అదీ ఖాళీ.

"రాదన్నా," అందామె తల ఎత్తకుండానే. "ముందస్తు అరెస్టుకు ఎఫ్‌ఐఆర్ ఉండదు."

ఈ మాట క్యాంపస్ బయట చాలామందికి తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 170వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 151, నేరం జరగకుండా ఆపడానికి పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంటుంది. 24 గంటలకు మించి ఉంచకూడదు. నిరసనల రోజున డీసీఎం వ్యాన్ ఎక్కే పిల్లల్లో ఎక్కువమంది ఈ సెక్షన్ కిందికే వస్తారు. కేసు లేదు గనుక ఎఫ్‌ఐఆర్ లేదు. ఎఫ్‌ఐఆర్ లేదు గనుక వెబ్‌సైట్‌లో లేరు. కోర్టుకు వెళ్లరు గనుక ఈ-కోర్ట్స్ యాప్‌లో లేరు. జైలుకు వెళ్లరు గనుక ములాఖత్‌కు పేరు నమోదు చేసుకునే ఈ-ప్రిజన్స్‌లోనూ లేరు. కంప్యూటర్ తెర మీద ఎక్కడా లేని మనిషి ఒక గదిలో బెంచీ మీద కూర్చుని ఉంటాడు.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే చాలాసార్లు అరెస్టు చేయకుండా నోటీసు చేతికిచ్చి పంపుతారు. ఇప్పటికీ అందరూ 41ఏ నోటీసనే అంటారు దాన్ని. కొత్త సంహితలో అది 35వ సెక్షన్. అప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటుంది, అరెస్టుల జాబితాలో ఉండదు. అందుకే తెర మీద కనిపించిందనో కనిపించలేదనో ఒక నిర్ణయానికి రాకూడదు.

"మరి యాడ జూడాలె?"

"ఠాణాల రాసి ఉండాలె. గోడ మీద, బుక్కుల. పోయి అడగాలె. ఓయూ ఠాణా, లాలాగూడ, చిలకలగూడ, నల్లకుంట, అంబర్‌పేట, కాచిగూడ. గుంపును విడగొట్టి తలా ఒక దిక్కు తీస్కపోతరు. పెద్ద ప్రోగ్రాం ఉన్న దినమైతే ఇంక దూరం గూడ చూడాలె. ఉప్పల్ దిక్కు మళ్లిస్తే కమిషనరేటే మారుతది."

ఆమె మీ తమ్ముడి వివరాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. కింద ఒక వరుస అదనంగా చేర్చింది: సెక్షన్లు 36, 37, 48. "పెద్దగ మాట్లాడకుండ్రి. గీ కాగితం చూపెట్టి, పేరు రాసిండ్రా సార్ అని ఒక్కటే అడగుండ్రి."

మొదటి ఠాణాలో రిసెప్షన్ దగ్గర కానిస్టేబుల్ మీ కాగితం చూసి వెనక్కి ఇచ్చాడు. "ఈడ ఎవ్వర్ని తీస్కరాలే." గోడ మీద ఒక బోర్డు ఉంది. అధికారుల పేర్లు, ఫోన్ నంబర్లు, మహిళా హెల్ప్‌లైన్, సైబర్ మోసాల నంబరు. అరెస్టయినవారి పేర్ల కోసం గీసిన గడి కూడా ఉంది, అందులో ఏమీ రాసి లేదు. ఎవర్నీ తేలేదన్నది నిజమైతే ఖాళీగా ఉండటం సరైనదే. కానీ ఆ ఖాళీని నమ్మాలా వద్దా అన్నది మీకు తెలియదు. ఆ గడి రోజూ నిజం చెబుతుందని ఊరికి నమ్మకం కుదిరితేనే దాని ఖాళీకి విలువ. నాకు ఈ వ్యవహారమంతటిలో కీలకంగా కనిపించేది ఇదే.

ఆ గడి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలు జతచేసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1996 డిసెంబరు 18న, జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ తీర్పిచ్చారు. పదకొండు నియమాలు పెట్టారు. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనిపించే బ్యాడ్జీ పెట్టుకోవాలి. అరెస్టు మెమో అక్కడికక్కడే రాయాలి, తేదీ, సమయం వేయాలి, ఇంటివాళ్లలో ఒకరో వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాడూ సంతకం చేయాలి. బంధువులు వేరే జిల్లాలో ఉంటే 8 నుంచి 12 గంటల్లో వాళ్లకు కబురు అందాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి వైద్య పరీక్ష జరగాలి. జిల్లా కేంద్రంలో, రాష్ట్ర కేంద్రంలో కంట్రోల్ రూమ్ ఉండాలి, అరెస్టయిన 12 గంటల్లో ఆ సమాచారం అక్కడి నోటీసు బోర్డు మీదకి ఎక్కాలి.

తర్వాత వీటిలో కొన్ని చట్టంలోకే వచ్చాయి. 2010 నవంబరు 1 నుంచి సీఆర్‌పీసీలో 41బి, 41సి సెక్షన్లుగా అమలయ్యాయి. కొత్త సంహిత వాటిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. అందులో అరెస్టు మెమో సంగతి 36వ సెక్షన్ చెబుతుంది. 37వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలోనే కాదు, ప్రతి ఠాణాలో ఏఎస్సైకి తగ్గని ఒక అధికారిని దీనికోసమే నియమించాలి. అరెస్టయినవారి పేరు, చిరునామా, మోపిన నేరం ఏ తరహాదో ఆయన నమోదు చేసుకోవాలి. ఆ వివరాలు ఠాణాలోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా, డిజిటల్ రూపంలో సహా, ప్రదర్శించాలి. 48వ సెక్షన్ ఈ సంహిత కింద చేసే ఏ అరెస్టుకైనా వర్తిస్తుంది. ముందస్తు అరెస్టుకు మినహాయింపు లేదు. ఇంటివాళ్లకు వెంటనే చెప్పాలి, ఎవరికి చెప్పిందీ ఠాణాలోని పుస్తకంలో రాయాలి.

రూమ్మేట్ బండి తీశాడు. రెండో ఠాణాకు పోయే దారిలో ట్రాఫిక్ ఆగింది. ఎర్ర లైటు దగ్గర అతడు వెనక్కి తిరిగి, "కొడ్తరా అన్నా?" అన్నాడు. మీరు జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్నకు ఈ నేల మీద పాత జవాబులున్నాయి. ఎమర్జెన్సీ ప్రకటించి నెల తిరిగేసరికి, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. వాళ్లలో వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి జనార్దన్ ఉన్నాడు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ విచారించి, ముందే పట్టుకుని తర్వాత కాల్చారని తేల్చింది. పట్టుకున్నట్టు ఎక్కడా రాయకపోతే ఆ మనిషి పోలీసుల చేతుల్లోకి రానట్టే లెక్క. రాయని గంటల్లో ఏం జరిగినా అది జరగనట్టే. 1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ తీర్పుతో, నిర్బంధంలో ఉన్న మా మనిషిని చూపించండని కోర్టును అడిగే తలుపు కూడా మూసుకుపోయింది. ఎమర్జెన్సీలోనైనా జీవించే హక్కును పక్కన పెట్టడానికి వీల్లేదని 1978లో 44వ సవరణ చేశాకే ఆ తలుపును మళ్లీ అలా మూయడానికి వీల్లేకుండా పోయింది.

మన దగ్గర ఆ తలుపు తట్టడం ఒక వృత్తిగా, వ్రతంగా పెట్టుకున్నవారు కె.జి. కన్నబిరాన్. పౌరహక్కుల సంఘం నాయకుడు, న్యాయవాది. హెబియస్ కార్పస్ పిటిషన్ అంటే ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి మొదట గుర్తొచ్చే పేరు ఆయనదే. ఆయన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు '24 గంటలు'. అరెస్టు చేసినవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలనే రాజ్యాంగం 22వ అధికరణం మాట అది. ఒక మనిషి జీవితకాలం ఆ ఇరవై నాలుగు గంటల చుట్టూ తిరిగింది. ఆ లెక్క ఎప్పుడు మొదలవుతుందన్న తగాదా ఇప్పటికీ ఉంది. "అరెస్టు చెయ్యలే, ఊకనే కూసోబెట్టినం" అనే మాట దాని కోసమే పుట్టింది. 2024లో తెలంగాణ హైకోర్టు ఈ తగాదాను తేల్చింది: కాగితం మీద అరెస్టు చూపిన సమయం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న క్షణం నుంచే లెక్క. మెట్ల మీద ఆ అమ్మాయి ప్రతి పేరు పక్కన ఎన్ని గంటలకు ఎక్కించారో రాస్తున్నది ఇందుకే.

మీ ఫోన్ మోగింది. డల్లాస్‌లో ఉన్న బావ.

"పేరు కొట్టి చూడరాదు బావా, ఆన్‌లైన్ల దొరుకుతది గదా?"

అక్కడ దొరుకుతుంది. డల్లాస్, హారిస్ లాంటి పెద్ద కౌంటీల్లో షెరీఫ్ వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ కొడితే జైల్లో ఉన్నాడో లేదో, ఏ నేరం మోపారో, బెయిలు ఎంతో తెలుస్తుంది. తల్లి అర్ధరాత్రి ఇంట్లో కూర్చుని కొడుకు ఎక్కడున్నాడో తెలుసుకోగలదు. అది చిన్న విషయం కాదు. అయితే అక్కడా అన్నిసార్లూ అంత సులువు కాదు. 2019 జనవరి చివర మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే పన్నిన వలలో 130 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో 129 మంది భారతీయులు, తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇమిగ్రేషన్ శాఖ నిర్బంధంలో ఉన్నవారిని వెతికే ఆన్‌లైన్ పేజీకి పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి, లేదా విదేశీయులకు ఇచ్చే నంబరు తెలిసుండాలి. ఇంటిపేరు ముందా వెనకా, తండ్రి పేరు నడుమ వచ్చిందా లేదా అన్న తేడాతో మన పేర్లు అక్కడ జారిపోతాయి.

కానీ అదే కౌంటీ రికార్డులకు ఇంకో ముఖం ఉంది. అరెస్టయిన రోజు తీసిన ఫోటో ప్రైవేటు సైట్లకు చేరి, కేసు కొట్టేసినా సంవత్సరాల తరబడి అక్కడే ఉంటుంది. తీసేయడానికి డబ్బు గుంజే సైట్లు పుట్టుకొచ్చాయి. కాలిఫోర్నియా 2014లో ఆ వసూళ్లను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. నా మటుకు నాకు ఆ పద్ధతి వద్దు. ఈ రాత్రి తమ్ముడు ఎక్కడున్నాడో మీకు తెలియాలి. పదేళ్ల తర్వాత అద్దె ఇల్లు ఇచ్చే ఓనరుకో, పెళ్లి సంబంధం చూసేవారికో పేరు కొట్టగానే తెలియాల్సిన పని లేదు. రికార్డు మనిషిని కాపాడటానికి పుట్టింది, వెంటాడటానికి కాదు. ఈ రెండింటి మధ్య గీత గీయడం కష్టమేమీ కాదు. కస్టడీలో ఉన్నంతసేపు పేరు అందరికీ కనిపించాలి. వదిలేశాక బోర్డు మీదనుంచి, తెర మీదనుంచి పోవాలి. ఠాణా పుస్తకంలో, కోర్టు అడిగితే చూపడానికి, ఉండిపోవాలి.

రెండో ఠాణా గేటు ముందు బండి ఆగింది. అమ్మ ఫోన్.

"దొరికిండా బిడ్డా?"

"దేవులాడుతున్న అమ్మా."

"పేరు రాయొద్దని చెప్పు. పేరు ఎక్కితె నౌకరి రాదంట. కాళ్ల మీద పడైనా సరే, రాయనియ్యకు."

మీ గొంతు పట్టేసింది. ఆమె భయం ఉత్తదేం కాదు. కానిస్టేబులు ఉద్యోగమైనా గ్రూప్స్ ఉద్యోగమైనా ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసులున్నాయా అన్న ప్రశ్నలుంటాయి. దాచిపెడితే ఉద్యోగానికే ముప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నేరం ఎంత చిన్నదో, ఏ పరిస్థితిలో జరిగిందో చూసి అధికారులు నిర్ణయించాలని చెప్పింది. అలా చూస్తారో లేదో అభ్యర్థికి ముందే తెలియదు. తెలంగాణ ఉద్యమం రోజుల కేసులు 2014లో రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఎత్తివేసేదాకా ఎంతమంది ఉస్మానియా పిల్లలు కోర్టు వాయిదాలకు, పరీక్షలకు నడుమ తిరిగారో ఆ తరం చెబుతుంది.

"అమ్మా, రాస్తెనే మంచిది," అన్నారు మీరు. "రాయకుంటె వాడు ఈడ ఉన్నట్టు నేనెట్ల చెప్పాలె?"

అవతల చాలాసేపు మాట లేదు. "నీ ఇష్టం బిడ్డా" అని పెట్టేసింది.

లోపల హెడ్ కానిస్టేబుల్ కళ్లద్దాలు సర్దుకుని కాగితం చదివాడు. కింది వరుసలోని సెక్షన్ల దగ్గర కాసేపు ఆగాడు.

"నువ్వేమైతవ్?"

"అన్నను సార్."

"ఏం పని చేస్తవ్?"

చెప్పారు. ఆయన పొడుగాటి రిజిస్టరు ముందుకు లాగి వేలితో వరుసలు తడిమాడు. మూడో పేరు, నాలుగో పేరు. వేలు ఆగింది. ఇంటిపేరు తప్పుగా పడింది, ఊరి పేరులో ఒక అక్షరం లేదు. కానీ తండ్రి పేరు మీ నాన్నదే.

"ఉన్నడు. వెనక రూంల కూసున్నడు. అన్నం పెట్టినం. పైనుంచి ఫోన్ వస్తె ఇడిచిపెడతం."

మీ కాళ్లు ఒక్కసారి నీరయ్యాయి. అయినా అడగాల్సింది అడిగారు. "సార్, టైం ఎంత రాసిండ్రు?"

ఆయన మిమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. రిజిస్టరు మీవైపు తిప్పాడు. సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు. మెట్ల మీది నోట్‌బుక్‌లో 4 గంటల 30 నిమిషాలు. గంటా పది నిమిషాల తేడా ఈ రాత్రి దేనికీ అడ్డు రాకపోవచ్చు. కేసు కట్టి, కోర్టుకు పోయి, ఒంటి మీద దెబ్బ ఎప్పటిదన్న ప్రశ్న వస్తే ఆ గంటా పది నిమిషాలే తగాదా. మీరు రిజిస్టరు ఫోటో తీయలేదు. కాగితం వెనక ఆ సమయం, జనరల్ డైరీ నంబరు, ఆయన బ్యాడ్జీ మీది పేరు రాసుకున్నారు. అరెస్టు మెమో నకలు అడిగారు. కేసు లేదు గదా, మెమో ఎందుకన్నాడు. 36వ సెక్షన్ అరెస్టు అనే అంది గానీ కేసు అనలేదు సార్ అన్నారు మీరు, ఆమె నేర్పినట్టే, గొంతు పెంచకుండా. ఆయన లోపలికి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి వచ్చి, ఇంటి మనిషిగా మీ సంతకం తీసుకుని, ఒక నకలు ఇచ్చాడు.

ఇక్కడ లేడని తేలి ఉంటే దారి ఇంకా పొడుగుండేది. మొదట 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసి కంట్రోల్ రూమ్‌ను అడగడం. తర్వాత 15100, జాతీయ న్యాయ సేవల సంస్థ ఉచిత నంబరు. కస్టడీలో ఉన్న మనిషికి ఆస్తిపాస్తులతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కును 1987 చట్టమే ఇచ్చింది. రిమాండ్ అయితే మగపిల్లలకు చంచల్‌గూడ, లేదా చర్లపల్లి, ఆడపిల్లలకు చంచల్‌గూడలోని మహిళా జైలు. అక్కడికి చేరాక కంప్యూటర్‌లో కనిపిస్తారు. జైలు గేటు దాటిన మనిషి వివరం సులువుగా దొరుకుతుంది. కష్టమంతా వ్యాన్‌కీ కోర్టుకీ మధ్యే. ఎక్కడా లేడని అంటూ ఉంటే, మూసీ ఒడ్డున హైకోర్టులో హెబియస్ కార్పస్.

రాత్రి పదిన్నరకు తమ్ముడు బయటికి వచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. మోచేయి గీసుకుపోయింది. మిమ్మల్ని చూసి నవ్వబోయి తల దించుకున్నాడు.

"కొట్టిండ్రారా?"

"లేదన్నా. ఎక్కిచ్చేటప్పుడు గుంజిండ్రు, గంతే."

హెడ్ కానిస్టేబుల్ ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఆన్ చేయగానే మెసేజ్‌లు వరుసపెట్టి మోగాయి. తమ్ముడు అవేవీ చూడలేదు.

"అన్నా, మా వ్యాన్ల పదకొండు మందిమి. ఈడ ఏడుగురినే దింపిండ్రు. మిగిలిన నలుగురిని అదే బండ్ల ముందటికి తీస్కపోయిండ్రు. ఒకడు ఫస్టియరు, ఆదిలాబాద్ పోరడు. వానికి ఈడ ఎవ్వరు లేరు."

"వాని తండ్రి పేరు తెలుసా?"

"తెల్వదు. రూంల ఎవడికన్న తెలుస్తది, ఆగు." ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

మీరు జేబులోంచి కాగితం తీసి, గేటు లైటు కింద మోకాలి మీద పెట్టి, వాడు చెబుతున్న పేరు రాయడం మొదలుపెట్టారు. రూమ్మేట్ బండి స్టార్ట్ చేసి, "అంబర్‌పేట ముందు చూద్దాం" అన్నాడు.